కాకరగెడ్డ కూతగుంజ

ఆ శుక్రవారం పొద్దున్నే వంతల బేబి కాకరగెడ్డ వాగు ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక ఊరి పేరు చేరుస్తోంది. సన్నగా చినుకు పడుతోంది. గొడుగు ల్యాప్‌టాప్‌కే సరిపోయి ఆమె వీపంతా తడిసిపోయింది. చుట్టూ కొత్తమాలిగుడ జనం మూగి చూస్తున్నారు. తెరమీద ఏముందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. అయినా తమ ఊరి పేరు కూతగుంజలోకి ఎక్కుతుంటే దగ్గరుండి చూడాలని తెల్లారగానే దిగి వచ్చేశారు.

కూతగుంజ అంటే గెడ్డ ఒడ్డున పాతిన ఇనప స్తంభం. దాని నెత్తిన ఒక హూటరు, హూటరు కింద అక్షరాలు పరుగెత్తే దీపాల బోర్డు, బోర్డు కింద తాళం వేసిన డబ్బా ఉన్నాయి. నీళ్లలో ఒక తేలుడుబంతి వేసి, దాని తీగను ఆ డబ్బాలోకి లాగారు. గెడ్డ పొంగి బంతి ఒక గుర్తు దాటి లేచిందంటే హూటరు ఆపకుండా కూస్తుంది, బోర్డు మీద దాటొద్దన్న మాట పరుగెడుతుంది. ఇదంతా బేబి పనే. కొండ దిగువన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, అక్కడే ల్యాబ్‌లో సహాయకురాలిగా చేరింది. ల్యాబ్‌లో మూలపడ్డ సామాను అడిగి తెచ్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా ఊరికి వచ్చి ఈ గుంజను నిలబెట్టింది.

ఎందుకు నిలబెట్టిందో గూడేల్లో అందరికీ తెలుసు. కాకరగెడ్డ మీది కాజ్‌వే, అంటే నీళ్లకు అడ్డంగా వేసిన సిమెంటు దారి, దాటితేనే అరకు సంతకు వెళ్లగలరు. ఆ గెడ్డకు ఒక పాడు గుణం ఉంది. ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, పైన కొండమీద వాన దంచిందంటే చాలు, చూస్తుండగానే ఎర్రనీళ్లు వచ్చి పడతాయి. బేబి హైస్కూల్లో ఉన్నప్పుడు ఆమె చిన్నాన్న సంత నుంచి వస్తూ ఆ నీళ్లలోనే పోయాడు. ఉప్పు సంచి భుజాన ఉండగానే పోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గుంజ డబ్బాలో ఉన్నది పాతకాలపు బుల్లి చిప్పు. దాని జ్ఞాపకంలో పట్టేది బహు కొంచెం. అందుకని బేబి దానికి చెప్పాల్సిన పనులన్నీ అసెంబ్లీ భాషలో రాసింది. ఆ మాట విని జీపు నడిపే బుధు, "ఎమ్మెల్యేలు మాట్లాడే బాసలో రాసినావేటి సెల్లీ? అలగైతే అది సెప్తాది గానీ సెయ్యదు," అని ఊరంతా నవ్వించాడు. బేబీ నవ్వేసింది. నిజానికి అది చిప్పు సొంత భాషకు ఆనుకుని ఉండే భాష. ఈ అక్షరం తియ్యి, ఆ గదిలో పెట్టు, పక్క గదికి జరుగు అని ప్రతిదీ విడివిడిగా చెప్పుకోవాలి. తప్పు చెబితే అడ్డుకునే నాథుడు ఉండడు. చెప్పింది చెప్పినట్టు చేసేస్తుంది.

మొదట్లో బోర్డు మీద వచ్చే మాట చిన్నదే: గెడ్డ పొంగింది, దాటొద్దు. బేబికి అది చాలుననిపించింది. గూడేల పద్ధతి ఆమెకు తెలియనిది కాదు, కాకపోతే యంత్రానికి అది అంటుతుందని అనుకోలేదు.

ఆ పద్ధతి ఏమిటంటే, ఊరికి ఏ కబురు వచ్చినా చాటింపు వేసే బారికి గాసి తాతే చాటాలి. చాటేముందు ఆ కబురు ఎవరెవరికో ఆ గూడేల పేర్లన్నీ వరసగా గొంతెత్తి పిలుస్తాడు. పనసపుట్టు, కరకపుట్టు, జిల్లేడుబంద, మాలిగుడ. పేర్లన్నీ అయ్యాకే కబురు. పేరు పిలవని గూడేనికి ఆ కబురుతో సంబంధం లేనట్టే. ఒక ఏడు ఇటుకల పండగ చాటుతున్నప్పుడు తాతకు దగ్గొచ్చి కరకపుట్టు పేరు మింగేశాడు. కరకపుట్టు కరకపుట్టంతా పండక్కి రాకుండా ఇళ్లల్లో కూర్చుంది. వాళ్లను బుజ్జగించి తీసుకురావడానికి మిగతా ఊళ్ల పెద్దలు కాళ్లరిగేలా తిరిగారు.

గుంజ నిలబెట్టిన మొదటి వానల్లో అదే జరిగింది. హూటరు చెవులు చిల్లులు పడేలా కూస్తూనే ఉంది, కరకపుట్టు మగవాళ్లు కొందరు గెడ్డలోకి దిగారు. ఒకరినొకరు పట్టుకుని చావు తప్పించుకుని ఒడ్డెక్కారు. కూత వినబడలేదా అని బేబి నిలదీస్తే, "ఇనపడ్డాది. మమ్మల్ని పిలవనేదు కదా," అన్నారు. బేబికి ఒళ్లు మండిపోయింది. నీళ్లకు పేర్లేమిటని అరిచింది. ఇంటికి వెళ్లాక కోపం దిగింది. ఈ జనం కోసం పెట్టిన గుంజ ఈ జనం పద్ధతిలో పిలవకపోతే ఎవరి కోసం పెట్టినట్టు అనుకుంది.

అలా పేర్లు కలిపే పని మొదలైంది. మనం నోటితో నాలుగు పేర్లు కలిపి పిలవడానికి ఆలోచించం. చిప్పుకు మాత్రం పేరంటే తెలియదు. దానికి ప్రతి అక్షరమూ ఒక అంకె. పేరు అయిపోయిందని తెలియడానికి చివర ఒక సున్నా పెట్టాలి. రెండు పేర్లు కలపాలంటే మొదటి పేరు మొదట్లో నిలబడి, ఒక్కో అక్షరమే దాటుకుంటూ సున్నా దొరికేదాకా నడవాలి. ఆ సున్నాను చెరిపి అక్కడ రెండో పేరు తొలి అక్షరం పెట్టాలి. అలా రెండో పేరంతా మోసుకొచ్చి, దాని చివర మళ్లీ సున్నా పెట్టాలి. అది మరిచిపోతే ఎక్కడ ఆగాలో చిప్పుకు తెలియదు. బేబి మొదటిసారి మరిచిపోయింది కూడా. బోర్డు పిచ్చిరాతలు కక్కుతుంటే గూడెం పిల్లలు పడీపడీ నవ్వారు. రెండోసారి అన్ని పేర్లూ ముత్యాల్లా వచ్చాయి. చివర దాటొద్దన్న మాటా వచ్చింది.

అప్పుడు ల్యాబ్ పెద్ద లక్ష్మీప్రసాద్ గారు ఆమె రాసింది చూసి ఒకటే అడిగారు. "చోటు చూసుకున్నావా అమ్మా?" చూసుకున్నాను సార్ అంది. అబద్ధం కాదు. ఆ రోజుకు ఉన్న పేర్లకు సరిపడా చోటు, పైన కాస్త ఎక్కువే, చిప్పు జ్ఞాపకంలో కేటాయించింది. ఆ చోటుకు ఆనుకుని పక్క గదిలోనే ప్రమాదపు గుర్తు పెట్టింది. బంతి ఎంత ఎత్తుకు లేస్తే కూయాలో చెప్పే అంకె అది.

ఇక కొత్తమాలిగుడ సంగతి. వాళ్లు పైన కొండవాలులో ఉండేవాళ్లు. కిందటి వానల్లో వాలు జారి ఇళ్లు పోతే మాలిగుడ పక్కకు దిగి రేకులు వేసుకున్నారు. మాలిగుడ అని పిలుస్తున్నాం కదా, అందులో మీరూ ఉన్నట్టే అన్నారు మిగతావాళ్లు. వాళ్లకు అది రుచించలేదు. వాళ్ల పెద్ద సుక్రు గురువారం బేబి ఇంటి అరుగు మీద కూర్చుని, "పాపా, కొండ మా ఇళ్లు తీసుకున్నాది. పేరు కూడా తీసుకుంతే ఎలగ?" అన్నాడు. బేబి ఇంకేం ఆలోచించకుండా, రేపే చేరుస్తాను మావా అంది. మంచి మనసుతో తొందరపడి ఒప్పుకుంది. ఈ కథలో ఆమె చేసిన తప్పంతా ఆ తొందరే.

శుక్రవారం పొద్దున పేరు చేర్చడం నిమిషాల్లో అయిపోయింది. కలిపే పద్ధతి ఎప్పుడో రాసుంది కాబట్టి, ఉన్న పేర్ల వెనక కొత్త పేరు తగిలించి, డబ్బా తెరిచి చిప్పులోకి ఎక్కించి, పరీక్ష బొత్తాం నొక్కింది. హూటరు మూడు పొట్టి కూతలు కూసింది. బోర్డు మీద పనసపుట్టు మొదలు అన్ని పేర్లూ పరుగెత్తాయి. వాటి వెనకాలే కొత్తమాలిగుడ, ఆ వెనక గెడ్డ పొంగింది దాటొద్దు అన్న మాట, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చాయి. సుక్రు కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ నొక్కమన్నారు, నొక్కింది. వెనకాల వచ్చినవాళ్లకు చూపించాలన్నారు, వాళ్లనే నొక్కనిచ్చింది. ఆ పొద్దంతా పొట్టి కూతలు గెడ్డ అవతల అరకు రోడ్డుదాకా వినబడుతూనే ఉన్నాయి.

చోటు మాత్రం చూసుకోలేదు. కొత్త పేరు చేరేసరికి మాట వరస కేటాయించిన చోటు దాటిపోయింది. చిప్పు ఆగలేదు. దాన్ని ఆగమని ఎవరూ చెప్పలేదు కదా. చోటు చాలక మిగిలినదాన్ని పక్క గదిలోకి నెట్టేసింది. దాటొద్దు అనే మాటలోని చివరి అక్షరమే వెళ్లి ప్రమాదపు గుర్తు మీద కూర్చుంది. బోర్డుకు ఇదేం పట్టదు, వరసగా ఉన్నది చదువుకుంటూ పోతుంది, మాట సరిగ్గానే చూపిస్తుంది. పరీక్ష బొత్తానికీ పట్టదు, అది గుర్తుతో పని లేకుండా నేరుగా హూటరును కూయిస్తుంది. గుర్తు ఉండాల్సిన చోట ఇప్పుడొక అక్షరం తాలూకు పెద్ద అంకె ఉంది. గెడ్డ ఎంత పొంగినా బంతి ఆ ఎత్తుకు లేవదు. అన్నీ బాగున్నట్టు కనబడుతూ కూతగుంజ మూగదైపోయింది. ఇది బేబికి సాయంత్రందాకా తెలియదు.

అంతకన్నా భయపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. గుంజ రాకముందు సంత జీపు ఏదైనా ఒడ్డున ఆగేది, అందరూ దిగేవారు, ఒకరు కర్ర పట్టుకుని ముందు నడిచి లోతు చూసేవారు. వానాకాలం గాసి తాత ఒడ్డున గుడిసెలోనే కాపలా ఉండేవాడు. గుంజ వచ్చాక తాత మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయాడు. జీపులు ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గుతున్నాయి, కూత లేకపోతే దిగిపోతున్నాయి. ఎవరూ కర్ర కోయడం లేదు. బేబికి అది చూసి గర్వంగానే ఉండేది. తన గుంజను అంత నమ్ముతున్నారని మురిసిపోయేది.

ఆ పొద్దు బేబి తల్లి సోంబారి కూడా బుధు జీపులోనే సంతకు వెళ్లింది. అల్లం బుట్ట, పనసపళ్లు పట్టుకెళ్లింది. బేబి వెళ్లలేదు. వాన తీరు చూస్తే సాయంత్రానికి గెడ్డ పొంగేలా ఉంది, కొత్త పేరుతో గుంజ మొదటిసారి కూస్తుంటే వినాలని గాసి తాత వదిలేసిన గుడిసెలో కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం తిరిగేసరికి పైకొండ నల్లబడింది. గెడ్డలో ముందు చప్పుడు మారింది, తరువాత రంగు మారింది. ఎండుకొమ్మలు, ఆకులు, నురగ కొట్టుకొస్తున్నాయి. కాజ్‌వే పక్క రాతిదిమ్మ మీద బేబి తన చేత్తో వేసిన ఎర్రగీత ఉంది. నీళ్లు ఆ గీత తాకగానే గుంజ కూయాలి. ఆమె గుడిసె బయటికి వచ్చి గీతనే చూస్తూ నిలబడింది.

నీళ్లు గీత తాకాయి. కూత లేదు.

అల తగిలి తాకిందేమో, నిలకడగా లేచాక కూస్తుందేమో అనుకుంది. గీత మునిగింది. కూత లేదు. బంతికి కొమ్మ అడ్డం పడిందనుకుని పరుగెత్తి, ఒడ్డున ఉన్న గుంజ కాలు పట్టుకుని నీళ్లలోకి వంగింది. బంతి హాయిగా పైకీ కిందికీ ఊగుతోంది. డబ్బా తాళం తీసింది. తడి చేతుల్లోంచి తాళంచెవి రెండుసార్లు జారింది. తీగలన్నీ బిగువుగానే ఉన్నాయి. పరీక్ష బొత్తాం నొక్కింది. మూడు పొట్టి కూతలు వచ్చాయి. బోర్డు మీద పేర్లన్నీ పరుగెత్తాయి, చివర దాటొద్దు కూడా వచ్చింది.

హూటరు బాగుంది. బ్యాటరీ బాగుంది. అంటే తప్పు లోపల, తాను రాసినదాంట్లో ఉంది. బోర్డు మీద వెళ్లిపోతున్న ఆ పొడుగాటి వరసను చూస్తూనే బేబికి అర్థమైపోయింది. చోటు చూసుకున్నావా అని లక్ష్మీప్రసాద్ గారు అడిగిన మాట గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున వానలోంచి జీపు దీపాలు కనబడ్డాయి. బుధు జీపు. వెనక మెట్టు మీద కూడా మనుషులు వేళ్లాడుతున్నారు, టార్పాలిన్ దించేసి ఉంది. అమ్మ అందులోనే ఉంటుంది. జీపు అలవాటు ప్రకారం ఒడ్డున ఆగింది. బుధు తల బయట పెట్టి వింటున్నాడు.

బేబి ఒంట్లో ఉన్న బలమంతా తెచ్చుకుని అరిచింది. దిగొద్దు, దిగొద్దు అని అరిచింది. గెడ్డ హోరులో ఆ గొంతు తనకే వినబడలేదు. గొడుగు అటూ ఇటూ ఊపింది. మళ్లీ బొత్తాం నొక్కింది. మూడు పొట్టి కూతలు. మళ్లీ మూడు.

జీపు కదిలింది. నీళ్లవైపే కదిలింది.

తరువాత బుధు చెప్పాడు. "పొద్దుట నుంచీ అదే పొట్టి కూత. బేబి ఇంకా కొత్తమాలిగుడోళ్లకి సూపిత్తంది అనుకున్నాం. గొడుగు ఊపుతుంతే రమ్మంతందనుకున్నాను." జీపులో అందరూ నవ్వుకున్నారట కూడా. పొడుగు కూత లేనంతసేపూ దారి ఉన్నట్టేనని నేర్పింది బేబే కదా.

ముందు ఆమె చెయ్యి ల్యాప్‌టాప్ మీదికే పోయింది. మూత తెరిచాక బుద్ధి వచ్చింది. చోటు పెంచి రాసి, చిప్పులోకి ఎక్కించేసరికి జీపు ఆ ఒడ్డునా ఉండదు, ఈ ఒడ్డునా ఉండదు. ల్యాప్‌టాప్‌ను బురదలో వదిలేసింది. డబ్బాలో చెయ్యి పెట్టి, హూటరుకు వెళ్లే రెండు తీగలనూ పట్టుకుని గట్టిగా లాగింది. చిప్పు వైపు కొసలు ఊడి వచ్చాయి. ఒకటి బ్యాటరీ ఈ కొమ్ముకు, ఒకటి ఆ కొమ్ముకు ఆనించి నొక్కిపట్టింది.

గుంజ కూసింది. ఆపకుండా, పొడుగ్గా కూసింది.

జీపు ముందు చక్రాలు అప్పటికే కాజ్‌వే మీది ప్రవాహంలో ఉన్నాయి. బుధు గబుక్కున బ్రేకు తొక్కాడు. వెనక్కి తియ్యబోతే బండి ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. మళ్లీ అంటుకోలేదు. నీళ్లు జీపు పక్కకు తగిలి లేస్తున్నాయి. బండి మెల్లగా, చాలా మెల్లగా, అంచువైపు జరుగుతోంది. బేబి అది చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది. తీగలు వదిలితే కూత ఆగుతుంది. కూత ఆగితే వెనకాల వచ్చే సంత ఆటోలు కూడా దిగుతాయి. తల్లి నీళ్లలో ఉంది, తాను ఒడ్డున రెండు తీగలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ నిలబడడం ఆమె జన్మలో మరిచిపోలేదు.

జీపులోంచి మనుషులు దూకారు. ఆడవాళ్లు దింసా ఆటలో పట్టుకున్నట్టే వీపుల వెనకనుంచి చేతులు వేసి ఒకరినొకరు బిగించుకున్నారు. వాళ్ల కాళ్లకు ఆ నడక చిన్నప్పటినుంచీ తెలుసు, ఒకరు తూలితే పక్కవాళ్లు మోస్తారు. మగవాళ్లు పిల్లలను ఎత్తుకున్నారు. అందరూ ఒక్క కట్టుగా, వచ్చిన ఒడ్డువైపే వెనక్కి నడుస్తున్నారు. వానలో ముఖాలు ఆనడం లేదు. బేబి ఆ వరసలో తల్లిని వెతుకుతోంది, కనబడడం లేదు. మధ్యలో ఒక మనిషి మునిగినట్టయింది, వరస ఆగింది, మళ్లీ కదిలింది. ఆ మునిగింది ఎవరో తెలియలేదు. ఆమె ఏడుస్తోందని ఆమెకే తెలియదు.

కూత విని సుక్రు పరుగున వచ్చాడు. "ఏటైనాది పాపా?" అన్నాడు. బేబి తీగలు అతని చేతిలో పెట్టి, "ఇలగే నొక్కిపట్టు మావా, వదలకు," అని నీళ్ల అంచుకు ఉరికింది. అప్పుడే జీపు పక్కకు ఒరిగింది. అంచు దాటి ఒక్క దొర్లు దొర్లింది, దీపాలు నీళ్లలోపల కాసేపు వెలిగి ఆరిపోయాయి. అవతలి ఒడ్డున జనం కూలబడి ఉన్నారు. వాళ్లలోంచి ఒక ఆడమనిషి లేచి రెండు చేతులూ పైకెత్తింది. ఆ నిలబడే తీరు సోంబారిదే. బేబి తానూ రెండు చేతులూ పైకెత్తింది.

మునిగింది బుధే. అతన్నీ లాగేశారు. ఒక్క ప్రాణమూ పోలేదు. జీపు మాత్రం పోయింది.

మర్నాడు గెడ్డ తగ్గాక అందరూ ఇవతలికి వచ్చారు. అన్ని గూడేల పెద్దలూ గుంజ దగ్గర కూడారు. బేబి చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. కరెంటు తీగలు ఉత్త చేతుల్తో పట్టుకున్నాదని ఒకరు, సోంబారి కడుపు సల్లగుండ అని ఒకరు. బేబి తల ఎత్తలేదు. అప్పుడు పనసపుట్టు పెద్ద ధనుంజయ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నాళ్లూ గుంజ బాగానే కూసినాది. కొత్త పేరు ఎక్కిన పొద్దే మూగబోనాది. గెడ్డతల్లికి ఆ పేరు పడనేదు. కొండ తరిమిన ఊరు అది. తీసీ పాపా ఆ పేరు."

తలకాయలు ఊగాయి. కొత్తమాలిగుడ జనం ఒక పక్కగా నిలబడి ఉన్నారు. సుక్రు నేలచూపులు చూస్తూ, "తీసీమ్మా. మా వల్ల ఎవులూ పోవద్దు," అన్నాడు. నిన్న కూత ఆగకుండా తీగలు పట్టుకున్న వేళ్లు ఒకదానిలో ఒకటి నలుపుకుంటున్నాడు.

బేబి నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. గుంజ మీద నమ్మకం అలాగే ఉండేది, తన పేరూ నిలబడేది. ఆ ఆశ ఆమెకు ఒక్క క్షణం కలిగిన మాట నిజం. అందుకే తనమీద తనకే అసహ్యం వేసి లేచి నిలబడింది.

"పేరుది తప్పు కాదు మావా. నాది తప్పు. పేర్లు పెట్టిన చోటు చాల్లేదు. చాల్దేమోనని నాను సూసుకోనేదు. ఎక్కువైన అక్షరం పోయి, ఎప్పుడు కూయాలో సెప్పే లెక్క మీద పడ్డాది. ఏ ఊరి పేరు ఎక్కించినా, ముందెట్టినా, కడాకరినెట్టినా అలగే అవుతాది. నాను సూసుకోనేదు, అంతే."

జనంలోంచి బుధు అడిగాడు. రాత్రంతా తడిసి అతని గొంతు బొంగురుపోయింది. "నువ్వు సోటు సూసుకోనందుకా నా జీపు పోనాది?"

"అవునన్నా."

బుధు తిట్టలేదు. తిడితే బేబికి తేలికయ్యేది. లేచి, జీపు ఇరుక్కుపోయిన బండలవైపు నడిచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కదిలారు. మెచ్చుకున్న నోళ్లు మళ్లీ ఆమెవైపు తిరగలేదు. సోంబారి ఇంటికి వెళ్లి తడి బట్టలు ఆరేసుకుంది.

ఆ వారం ల్యాబ్‌లో బేబి మొత్తం మళ్లీ రాసింది. ప్రమాదపు గుర్తును పేర్ల చోటుకు దూరంగా పెట్టింది. ఒక్కో అక్షరం పెట్టేముందు చోటుందా అని చూసుకోమంది, లేకపోతే అక్కడే ఆగి సున్నా పెట్టమంది. దాటొద్దన్న మాటను ముందుకు తెచ్చి పేర్లను దాని వెనక పెట్టింది. గాసి తాత దానికి గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. పరీక్ష బొత్తాం పీకేసింది. ఇకనుంచి పరీక్షంటే నీళ్లలోని బంతిని చేత్తో ఎత్తి చూడడమే. గురువారం గూడేల జనాన్ని పిలిచి, అందరి ముందూ ఎత్తి చూపించింది. గుంజ పొడుగ్గా కూసింది. కొత్తమాలిగుడ పేరు బోర్డు మీద వచ్చింది. వాళ్లు చూసి, తలూపి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

శుక్రవారం వచ్చింది. వాన లేదు, గెడ్డ చీలమండ దాకా ఉంది, గుంజ నిశ్శబ్దంగా ఉంది. సంతకు వెళ్లేవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు వచ్చారు. వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ దిగలేదు. గుంజనూ నీళ్లనూ మార్చి మార్చి చూస్తున్నారు.

బేబి చెప్పులు విప్పి నీళ్లలోకి దిగింది. తన వెనక అందరి చూపులూ ఉన్నాయని తెలుసు. పైకొండవైపు చూడకూడదనుకుంది, రెండుసార్లు చూసింది. తాను రాసిన ప్రతి గీతా మనసులో మళ్లీ చదువుకుంటూ నడిచింది. ఎక్కడో ఒకచోట ఇంకేదో చూసుకోకుండా వదిలేశానేమోనన్న భయం అడుగడుగునా ఉంది. అవతలి ఒడ్డు ఎక్కి వెనక్కి తిరిగింది. గుంజ కూయలేదు. జనం కదలలేదు.

సోంబారి బుట్ట కింద పెట్టింది. పక్కనున్న పొదలోంచి ఒక కర్ర విరిచింది, ఆకులు దూసింది. నీళ్లలో ఆ కర్ర పొడిచి లోతు చూసింది, పైకొండవైపు తలెత్తి మబ్బు చూసింది, నీళ్ల రంగు చూసింది. గుంజవైపు మాత్రం చూడలేదు. బుట్ట ఎత్తుకుని దిగింది. అది చూసి ఒకరి తరువాత ఒకరు దిగారు, ముందువాళ్ల కాళ్లనూ నీళ్లనూ చూసుకుంటూ.

తల్లి దగ్గరికి రాగానే బేబి వంగి చెయ్యి అందించింది. సోంబారి ఆ చేతిని చూసింది, పట్టుకోలేదు. కర్ర ఊతంతోనే ఒడ్డెక్కి, బుట్ట సర్దుకుంది.

"గుంజ కూత్తే ఆగుతాం," అంది. "కూయకపోతే సూసుకొని దాటుతాం."

అందులో కోపం లేదు. అదే బేబికి ఎక్కువ నొప్పి. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు తప్పుకుంది. ఒక్కొక్కరూ కర్ర పొడుచుకుంటూ ఆమె ముందునుంచి ఒడ్డెక్కి వెళ్తున్నారు. ఇక తన గుంజ మూగబోయినా వీళ్లు నీళ్లలో పోరు అని తెలిసి ఆమెకు గుండె తేలికైంది, ఆ తేలికతోనే ఏడుపు వచ్చింది. చివరి మనిషి దాటేదాకా అక్కడే నిలబడింది.